లారీలు లేని రోడ్డు కావాలనుకోవడం పిరికితనమా?

ఈ వారం ఉత్తరం ఫ్రాన్స్ నుంచి వచ్చింది. రాసినావిడ పేరు వద్దన్నారు. వయసు 41. సొంతూరు తణుకు దగ్గర పల్లె, హైస్కూలుకి రోజూ కాలవ గట్టు మీద సైకిల్ తొక్కుకుంటూ వెళ్లిన మనిషి. ఆరేళ్లుగా దక్షిణ ఫ్రాన్స్‌లోని తులూజ్ శివార్లలో ఉంటున్నారు. భర్త విమానాల తయారీలో ఇంజనీరు, ఈవిడ ఇంటి నుంచే ఉద్యోగం చేస్తారు, 13 ఏళ్ల పాప ఉంది.

రెండేళ్ల కిందట ఆయన ఆఫీసు స్నేహితులతో ఆదివారం పూట రోడ్డు సైక్లింగ్ మొదలుపెట్టారు. మొదట సరదాగా, తర్వాత పట్టుదలగా. పోయినేడాది పెళ్లిరోజుకి ఈవిడకి కూడా ఖరీదైన రోడ్ బైక్ కొన్నారు, బూటు పెడల్‌కి బిగుసుకుపోయే రకం. శనివారాలు ఇద్దరూ కలిసి వెళ్లేవారు. అక్టోబరులో ఒక శనివారం, ఊరికీ ఊరికీ మధ్య మామూలు రెండు లైన్ల రోడ్డు మీద ఓ లారీ మోచేతికి జానెడు దూరంలో దాటిపోయింది. ఆ గాలికి బండి ఊగి గడ్డిలోకి దిగింది, పెడల్ నుంచి కాలు ఊడి రాక పక్కకి పడిపోయారు. దెబ్బలు పెద్దగా తగల్లేదు కానీ ఆ రోజు నుంచి ఆ బైక్ గ్యారేజీలో గోడకి ఆనించే ఉంది. వెనక ఇంజన్ చప్పుడు వినపడితే చాలు భుజాలు బిగుసుకుపోతున్నాయి అని రాశారు.

భర్త చెడ్డవారేం కాదు, ఉత్తరం చదివితేనే తెలుస్తోంది. "ఇక్కడ డ్రైవర్లు ఎంత పద్ధతిగా ఉంటారు, మన ఊళ్లో అయితే బతకనిస్తారా, ఒక్కసారి జరిగిందని వదిలేస్తావా" అంటారట. వాడని బైక్ చూసినప్పుడల్లా ఆయన ముఖం చిన్నబోతుందట. మే నెలలో లాంగ్ వీకెండ్‌కి నాలుగు తెలుగు కుటుంబాలు కలిసి ప్రోవాన్స్‌లో మోఁ వాంతూ కొండ కింద ఇల్లు అద్దెకి తీసుకుంటున్నాయి. మగవాళ్లు కొండ ఎక్కుతారు, "మా ఆవిడ కూడా కింద రోడ్ల మీద మాతో వస్తుంది" అని ఆయన అందరికీ చెప్పేశారు. అత్తగారు వీడియో కాల్‌లో ఈ వయసులో సైకిళ్లేమిటమ్మా అంటారు, అదొకటి.

ఇక ఈవిడ ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. వారం మధ్యలో, ఆయన ఆఫీసుకి వెళ్లాక, పాత సిటీ సైకిల్ తీసి కనాల్ దు మిది అనే పాత కాలువ పక్కన కార్లు రాని బాట మీద ఇరవై, ముప్పై కిలోమీటర్లు తొక్కి వస్తారు. ఆ గంటలే తనకి వారంలో అన్నిటికన్నా బాగుంటాయట. కానీ ఆయన ఇచ్చిన బైక్ ముట్టుకోకుండా, ఆయనకి తెలియకుండా వెళ్తున్నందుకు దొంగతనం చేస్తున్నట్టు ఉంటోందట. చివర్లో ఇలా అడిగారు: "భయం అణుచుకుని ఆయనతో వెళ్లాలా, నా వల్ల కాదని చెప్పేసి ఆయన్ని ఒంటరిగా వదిలేయాలా? బళ్లు లేని రోడ్డు మాత్రమే కావాలనుకోవడం పిరికితనమేనా?"

చివరి ప్రశ్నకి ముందు జవాబు చెప్తాను. కాదండి, పిరికితనం కాదు. సైకిల్ అంటే భయపడే మనిషి బరువైన పాత బండి మీద ఒంటరిగా ముప్పై కిలోమీటర్లు తొక్కి రాదు. మీకు భయం సైకిల్ అంటే కాదు, వెనక నుంచి వేగంగా వచ్చే లారీ అంటే. ఆ భయం మీకు ఊహించుకుంటే వచ్చింది కాదు, ఒంటికి తగిలి వచ్చింది.

మీవారు మన ఊరితో పోలుస్తున్నారు చూశారా, అక్కడ ఒక చిన్న విషయం మర్చిపోతున్నారు. మన రోడ్ల మీద గందరగోళం ఎక్కువే, కానీ ఊళ్ల మధ్య వేగం తక్కువ, పైగా లారీవాడు అర కిలోమీటరు దూరం నుంచే హారన్ కొట్టుకుంటూ వస్తాడు. వాడు వస్తున్నాడని మన ఒంటికి ముందే తెలుస్తుంది. ఫ్రాన్స్‌లో హారన్ కొట్టరు. రెండు లైన్ల పల్లె రోడ్ల మీద 2018 నుంచి పరిమితి గంటకి 80, కొన్ని జిల్లాలు కొన్ని రోడ్ల మీద మళ్లీ 90 చేసుకున్నాయి. ఆ వేగంతో చప్పుడు లేకుండా వచ్చి ఒక్కసారిగా పక్కన ప్రత్యక్షమయ్యే బండికి మనలాంటి వాళ్ల చెవులు అలవాటు పడలేదు. చట్టం మీ వైపే ఉంది, ఊరి బయట సైకిల్‌ని దాటేటప్పుడు కనీసం మీటరున్నర దూరం వదలాలి, ఊళ్లో అయితే ఒక మీటరు. ఆ దూరం వదలడానికి వీలుగా, ఎదురుగా ఖాళీగా ఉంటే మధ్య గీత దాటడానికి కూడా 2015 నుంచి అనుమతి ఉంది. చాలామంది పాటిస్తారు. మీకు ఎదురైనవాడు పాటించలేదు. అది ఒక్కసారే జరిగిందంటే ఇంకోసారి జరగదని ఎవరూ హామీ ఇవ్వలేరు, కాబట్టి "ఏం కాదులే" అన్న మాట మీకు సమాధానంగా అనిపించకపోవడంలో తప్పులేదు.

ఇప్పుడు మీవారి వైపు నుంచి. ఆయన మిమ్మల్ని కావాలని ఆ రోడ్ల మీదకి తీసుకెళ్లడం లేదు. గుంపుగా వేగంగా తొక్కేవాళ్లకి ఒకరి వెనక ఒకరు దగ్గరగా వెళ్లడానికి వెడల్పైన, నున్నటి రోడ్డు కావాలి. చిన్న రోడ్ల మీద మలుపుకో గులకరాళ్ల కుప్ప, ట్రాక్టర్ వదిలిన మట్టి, అడుగడుక్కీ బ్రేకు. ఆ గుంపు ఎంచుకున్న దారులే ఆయనకి తెలిసిన దారులు, అవే మీకూ చూపించారు. అంటే మీ ఇద్దరి మధ్య నిజంగా ఉన్న తేడా ధైర్యంలో కాదు, రోడ్డు ఎంపికలో. ఇది మీరిద్దరూ ఇప్పటిదాకా మాట్లాడుకున్నట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు. మాటలన్నీ "భయపడకు", "నా వల్ల కాదు" చుట్టూనే తిరుగుతున్నాయి.

మీరున్న ప్రాంతం గురించి కొంచెం వివరంగా చెప్పనివ్వండి, ఎందుకంటే నిశ్శబ్దంగా సైకిల్ తొక్కాలనుకునేవాళ్లకి ఇంతకన్నా మంచి చోటు దొరకడం కష్టం, మీరు మాత్రం దాని అంచునే ఆగిపోయారు.

ఫ్రాన్స్‌లో మొత్తం రోడ్లు పది లక్షల కిలోమీటర్ల పైనే. అందులో దాదాపు ఏడు లక్షలు కమ్యూన్లవి, అంటే మన పంచాయతీ రోడ్ల లాంటివి. దేశంలో దాదాపు 35 వేల కమ్యూన్లు ఉన్నాయి, ప్రతిదానికీ ఓ మేయరు ఆఫీసు, చుట్టూ విసిరేసినట్టు పొలాల్లో ఇళ్లు, ఆ ఇళ్లకి తారు రోడ్లు. ఆ రోడ్డు మీద వెళ్లేది ఆ రైతు, పోస్టు బండి, ఎప్పుడైనా స్కూలు బస్సు. జనం తక్కువ, రోడ్లు ఎక్కువ. అందుకే గంటసేపు తొక్కినా నాలుగైదు కార్లకి మించి కనపడని దారులు తులూజ్ నుంచి రైల్లో అరగంట దూరంలోనే దొరుకుతాయి.

లోరగే ప్రాంతమే తీసుకోండి. తులూజ్ నుంచి కాస్తెల్నొదారి వైపు వెళ్లే లోయలో మోటారువే ఉంది, పాత జాతీయ రహదారి ఉంది, రైలు పట్టాలు ఉన్నాయి, మీ కాలువ కూడా అక్కడే ఉంది, అన్నీ పక్కపక్కనే. దూరం వెళ్లే బళ్లన్నిటినీ మోటారువే తీసుకుంటుంది, టోలు కట్టడం ఇష్టం లేనివాళ్లూ చుట్టుపక్కల పనులకి తిరిగేవాళ్లూ పాత రహదారి మీద వెళ్తారు. లోయకి అటూ ఇటూ ఉన్న గుట్టల మీద రోడ్లు మిగిలిపోతాయి. గోధుమ చేలు, జూలైలో పొద్దుతిరుగుడు పూలు, గుట్ట మీద పాత గాలిమర. అక్కడికి ఎవరూ పని మీద వెళ్లరు. విల్‌ఫ్రాంష్ ద లోరగేలో రైలు దిగి, రెవెల్ వెళ్లే పెద్ద రోడ్డు ఎక్కకుండా, సెన్ ఫెలిక్స్ గుట్ట వైపు చిన్న రోడ్లలో తిరిగి చూడండి. ఎక్కుడు దిగుడు ఉంటుంది, అదొక్కటే కష్టం.

ఏది చిన్న రోడ్డో తెలియడం ఎలా? రోడ్డు నంబరు చూసి మోసపోవద్దు. పాత జాతీయ రహదారులు చాలావాటిని 2006 ప్రాంతంలో జిల్లాలకి అప్పగించారు, అప్పుడు వాటి నంబరు ముందు ఎన్ పోయి, జిల్లా రోడ్లకి ఉండే డి అక్షరం వచ్చేసింది. మీ వైపు డి813 పూర్వం ఎన్113, డి820 పూర్వం ఎన్20. పేరుకి జిల్లా రోడ్లే, నడిచే బళ్లు మాత్రం పాత హైవే బళ్లే. మీరు పడిపోయిన రోడ్డు అలాంటిదేమో ఒకసారి చూసుకోండి. మిషెలిన్ మ్యాపులో ఎరుపు రోడ్లు వదిలేయండి, పసుపువి దాటడానికి మాత్రమే వాడండి, తెల్లగా ఉన్నవే మీవి. ఫోన్లో సైకిల్ దారి అడిగితే ఒక్కోసారి పొలం మట్టిలోకి, ఒక్కోసారి నేరుగా డి813 మీదకి తోస్తుంది, దాన్ని గుడ్డిగా నమ్మొద్దు. ముందురోజు రాత్రి ఆ రోడ్డు ఫొటో స్ట్రీట్ వ్యూలో చూడండి. రోడ్డు మధ్యలో తెల్ల గీత లేకపోతే సాధారణంగా బళ్లు తక్కువని లెక్క. ఈ ఒక్క గుర్తు నాకు మిగతా అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చింది.

వేళ కూడా ముఖ్యం. ఏడున్నర టన్నులు దాటిన లారీలకి ఫ్రాన్స్‌లో శనివారం రాత్రి పది నుంచి ఆదివారం రాత్రి పది దాకా నిషేధం, కొన్ని మినహాయింపులు తప్ప. మీరు పడింది శనివారం. అదే రోడ్డు ఆదివారం పొద్దున వేరేలా ఉంటుంది. మిగతా రోజుల్లో అయితే మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు దాకా, ఊరంతా భోజనం దగ్గర కూర్చుంటుంది, రోడ్లు ఖాళీ. ఎండాకాలం మాత్రం ఆ వేళ వద్దు, మన ఎండకి అలవాటుపడ్డ వాళ్లకైనా ఆ కొండల మీద నీడ దొరకదు. సాయంత్రం ఐదు నుంచి ఏడు, ఆఫీసుల నుంచి ఇళ్లకి వెళ్లేవాళ్లు అడ్డదారులు వెతుక్కుంటూ ఆ చిన్న రోడ్ల మీదకే వస్తారు, పైగా హడావిడిలో ఉంటారు, అది అన్నిటికన్నా చెడ్డ సమయం. సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి చివరి దాకా వేట కాలం, ఆదివారాలు అడవి అంచున "వేట జరుగుతోంది" అని బోర్డు కనపడితే వెనక్కి తిరగండి, ఆ నెలల్లో మెరిసే రంగు చొక్కా వేసుకోండి.

గాలి సంగతి మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. అక్కడి ఓతాన్ గాలి వీస్తే రెండు మూడు రోజులు ఆగదు, ఆగ్నేయం నుంచి వస్తుంది. ఆ గాలికి ఎదురు తొక్కకండి. రైల్లో కాస్తెల్నొదారి వెళ్లి, అక్కడి నుంచి తులూజ్ వైపు తొక్కితే గాలే ఇంటికి తోస్తుంది. పడమటి గాలి రోజున దీనికి తిరగేసి. ప్రాంతీయ రైళ్లలో సైకిల్ ఎక్కించుకోనిస్తారు, సెలవుల్లో జనం ఎక్కువ కాబట్టి చోటు సంగతి ముందే చూసుకోండి. గాలి మరీ గట్టిగా ఉన్న రోజు మాత్రం కాలువ పక్క ప్లాటాన్ చెట్ల కింద తిరగొద్దు, కొమ్మలు పడతాయి.

సరే, ఇప్పుడు మీ ముందున్న దారులు.

మొదటిది మీరు రాసిందే, భయం అణుచుకుని ఆయనతో వెళ్లడం. కుదరదని నేను అనను. కొందరికి అలాగే పోతుంది కూడా. కానీ భయంతో తొక్కేవాళ్లు రోడ్డు అంచుకి అతుక్కుపోతారు, అంచుకి వెళ్లేకొద్దీ వెనకవాడికి దాటడానికి చోటుందనిపిస్తుంది, ఇంకా దగ్గరగా దాటుతాడు. అంచు నుంచి చెయ్యి చాచినంత దూరంలో తిన్నగా వెళ్లాలి, దానికి స్థిమితం కావాలి, ఆ స్థిమితం ఇప్పుడు మీకు లేదు. ఆయన ముందు వెళ్తుంటే దూరం పెరగకూడదన్న తొందర ఒకటి. ఇంకోసారి ఏదైనా జరిగితే సైకిలే మానేస్తారు, కాలువ బాటతో సహా. నాకైతే ఇప్పుడే ఈ దారి పట్టడం నచ్చలేదు. పోనీ వెళ్లాలనే అనుకుంటే ఆదివారం పొద్దున మాత్రమే, ఆయన ముందు కాదు మీ వెనక తొక్కేలా, హ్యాండిల్‌కి చిన్న అద్దం పెట్టించుకుని వెళ్లండి. వెనక ఏం వస్తోందో కంటికి కనపడితే భుజాలు సగం వదులవుతాయి.

రెండోది, కాలువ బాట మీదే ఉండిపోవడం. ఇందులో అవమానం ఏమీ లేదు. 1666లో తవ్వడం మొదలుపెట్టి 1681లో ముగించిన కాలువ అది, గుర్రాలు పడవల్ని లాగడానికి వేసిన గట్టు కాబట్టి ఎత్తుపల్లాలు లేవు. తులూజ్ నుంచి నోరూజ్ దాకా, అంటే వాన నీళ్లు అట్లాంటిక్ వైపు, మధ్యధరా వైపు విడిపోయే చోటు దాకా, యాభై కిలోమీటర్ల దూరంలో మీరు ఎక్కేది అరవై మీటర్లకి లోపే. హోత్ గరోన్ జిల్లా హద్దు దాకా తారు కూడా ఉంటుంది, ఆ తర్వాత మట్టీ గులకా ఎదురవుతాయి, వాన పడితే మీ సిటీ సైకిల్‌కి కష్టం. కాలువ కాకపోయినా పాత రైలు మార్గాల మీద వేసిన బాటలు ఉన్నాయి, వ్వా వెర్ట్ అంటారు అక్కడ, మోటారు బళ్లు రావు. ఫ్వా నుంచి సెన్ జిరోన్ దాకా ఒకటి, మజామే నుంచి బెదారియు దాకా కొండల మధ్య ఇంకోటి, దాన్ని పాసా పైస్ అంటారు, డెబ్భై కిలోమీటర్ల పైనే. ఏళ్ల తరబడి ఇవే తొక్కినా తనివి తీరుతుంది. కాకపోతే ఒకటి, ఆదివారం పూట తులూజ్ దగ్గర కాలువ మీద పిల్లలు, కుక్కలు, నిలబడి నడిపే చిన్న స్కూటర్లు, మీరు కోరుకునే నిశ్శబ్దం ఉండదు. మీవారికి అక్కడ వేగం కుదరదు, కుదరకూడదు కూడా. అంటే ఈ దారి ఎంచుకుంటే మీ ఇద్దరి సైక్లింగ్ వేరువేరు అని ఒప్పుకోవడమే. కొన్ని ఇళ్లలో అది హాయిగా సాగుతుంది. ఆయన పొద్దున తొక్కి వస్తారు, మీరు వారం మధ్యలో తొక్కుతారు, ఎవరి ముచ్చట వాళ్లు భోజనం దగ్గర చెప్పుకుంటారు. దానికి ముందు ఆ ముచ్చట దాచడం ఆపాలి కదా.

మూడోది నాకు ఎక్కువ నచ్చింది, కానీ దానికి ఆయన సాయం కావాలి. నెలకి ఒకటో రెండో ఆదివారాలు దారి మీరు ఎంచండి. మీరే మ్యాపు పెట్టుకుని, తెల్ల రోడ్లు ఏరి, ఎక్కడ రైలు దిగాలో, ఏ ఊళ్లో ఆగాలో మీరు చెప్పండి. ఆయన రావాలి, మీ వేగంతో. మీకు ఇక్కడ పని ఉంది, ఇంకొకరి వెనక పరిగెత్తడం లేదు. ఆయనకి మొదట విసుగ్గా ఉండొచ్చు, గుట్టల మీద మీకోసం ఆగాల్సి వస్తుంది, అది ముందే చెప్పి ఒప్పించుకోండి. గుట్టలు మీకు మరీ కష్టమైతే బ్యాటరీ సాయం ఉన్న సైకిల్ తప్పేం కాదు, అక్కడి చట్టం ప్రకారం 25 కిలోమీటర్ల వేగం దాకా మోటారు తోడుంటుంది. ఖర్చు గట్టిదే, కాబట్టి కొనకముందు ఒకరోజు అద్దెకి తీసుకుని చూడండి. పల్లెల్లో ఆదివారం మధ్యాహ్నం కొట్లు మూసేస్తారు, తినేది వెంట ఉండాలి. నీళ్లు అయిపోతే ఊరి శ్మశానం దగ్గర కుళాయి ఉంటుంది, పూలకి నీళ్లు పోయడానికి పెట్టింది, అక్కడి సైకిల్ వాళ్లంతా సీసాలు అక్కడే నింపుకుంటారు, తాగే నీరు కాదని బోర్డు లేకపోతే. మనకి మొదటిసారి కాస్త ఎలాగో ఉంటుంది, తర్వాత అలవాటైపోతుంది.

ఏ దారి పట్టినా కాలువ సంగతి ఆయనకి చెప్పండి, ప్రయాణం గురించి మాట్లాడే ముందే. "మీరిచ్చిన బైక్ వద్దని కాదు, నేను సైకిల్ మానలేదు, పాతదాని మీద కాలువ గట్టున తొక్కుతున్నాను, చిన్నప్పటిలా ఉంది" అనండి. మీ ఉత్తరం చదివితే నాకు అనిపించింది, ఆయన బాధ డబ్బు పోయిందని కాదు, తనకి ఇంత ఇష్టమైనదాంట్లో మీరు లేరని. మీరు వారానికి రెండు మూడుసార్లు తొక్కుతున్నారని తెలిస్తే ఆయనకి సగం బరువు దిగుతుంది. మొదట కొంచెం నొచ్చుకోవచ్చు, నాకెందుకు చెప్పలేదు అని. ఆ నొచ్చుకోవడాన్ని ఒకపూట ఓర్చుకోండి, వెంటనే సంజాయిషీలు పేర్చకండి.

ఆయన ఇది చదివితే ఆయనకీ ఒక మాట. పోల్ ద వివీ అని ఒకాయన, 1853లో వాంతూ కొండ కనపడే మైదానంలో పెర్న్ అనే ఊళ్లో పుట్టాడు, వెలోసియో పేరుతో రాసేవాడు. పందేల కోసం కాకుండా ఊళ్లు చూడ్డానికి సైకిల్ తొక్కే అలవాటుకి ఫ్రాన్స్‌లో ఆయన్నే పెద్దగా తలుచుకుంటారు. సైకిల్ వాళ్లకి ఆయన చెప్పిన నియమాల్లో దాహం వేయకముందే తాగు, ఆకలి వేయకముందే తిను అన్నవి అందరూ పాటిస్తారు. గొప్పకి పోయి తొక్కొద్దు అన్న నియమం కూడా అందులోనే ఉంది.

మే నెల ప్రయాణం. దీన్ని మానుకోవాల్సిన పనిలేదు, ఆయన నలుగురిలో మాటిచ్చేశారని మీరు లొంగాల్సిన పనీ లేదు. లాంగ్ వీకెండ్ కాబట్టి వాంతూ రోడ్ల మీద కార్లు, మోటారు సైకిళ్లు బాగానే ఉంటాయి. బెదువా వైపు నుంచి ఆ ఎక్కుడు ఇరవై కిలోమీటర్ల పైచిలుకు, మగవాళ్లకి పూట గడిచిపోతుంది. ఆ పూట మీరూ పాపా కారులో లుబెరాన్ వైపు వెళ్లండి. కవయ్యోన్ నుంచి ఆప్ట్ వైపు పాత రైలు మార్గం మీద కలవోన్ బాట ఉంది, దాదాపు అంతా చదును. దారిలో పోన్ జూలియన్ వస్తుంది, రెండు వేల ఏళ్ల నాటి రోమన్ల వంతెన, 2005 దాకా దాని మీద కార్లు తిరిగేవి, ఇప్పుడు నడిచేవాళ్లకీ సైకిళ్లకే. మిగతా ఆడవాళ్లలో కూడా ఇద్దరు ముగ్గురు మీతో వస్తారని నా నమ్మకం, కొండ ఎక్కలేమని పైకి చెప్పనివాళ్లు ఉంటారు. రెండో రోజు మీవారితో కలిసి వెళ్లాలనిపిస్తే నెస్క్ లోయ రోడ్డు అడగండి, విల్ సుర్ ఓజోన్ నుంచి మోనియు వైపు. కొండ అంచున మలుపులు తిరుగుతూ నెమ్మదిగా ఎక్కుతుంది, హడావిడి బళ్లు సో అనే ఊరికి వేరే రోడ్డున పోతాయి. సెలవు రోజు కాబట్టి పొద్దున్నే బయల్దేరండి. ఇది రోడ్డే, బాట కాదు, కార్లు వస్తాయి, కానీ నెమ్మదిగా వస్తాయి. అప్పటికి తెల్ల రోడ్ల మీద కొన్ని ఆదివారాలు గడిచి ఉంటే ఇది మీకు సాధ్యమే. గడవకపోతే వద్దు, మరో ఏడాది చూద్దురుగాని.

పాప గురించి మీరు ఒక్క వాక్యమే రాశారు, తనకీ రావాలని ఉందని. బుధవారం మధ్యాహ్నం తనకి క్లాసులు లేకపోతే ఆ పూట కాలువ మీదకి తీసుకెళ్లండి. 12 ఏళ్ల లోపు పిల్లలకే హెల్మెట్ చట్టం, అయినా తనకీ మీకూ ఉండాల్సిందే. చెవుల్లో ఇయర్‌ఫోన్లు మాత్రం సైకిల్ మీద నిషేధం, తనకి ముందే చెప్పండి. అత్తగారికి వాదన పెట్టుకోవద్దు, కాలువ పక్కన మనవరాలి ఫొటో పంపండి, చాలు.

ఒకవేళ ఖాళీ రోడ్ల మీద కూడా ఆ చప్పుడికి ఒళ్లు బిగుసుకుపోతుంటే, రాత్రిళ్లు అది కలలోకి వస్తుంటే, మీ ఫ్యామిలీ డాక్టరుకి చెప్పండి. ప్రమాదం తర్వాత అలా ఉండటం మామూలే, దానికి మాట సాయం చేసేవాళ్లు ఉన్నారు. సొంతంగా నెగ్గుకు రావాలని నెలలు గడపకండి.

ఇక గ్యారేజీలో బైక్. దాన్ని అమ్మొద్దు, అలాగే వదిలేయొద్దు. బూటు బిగుసుకునే పెడల్స్ తీయించి మామూలు పెడల్స్ వేయించండి, ఆ రోజు మిమ్మల్ని పడేసింది సగం అవే. ఫ్రేములో చోటుంటే 30 లేదా 32 మిల్లీమీటర్ల టైర్లు వేయించండి, గులక మీద జారదు, చిన్న రోడ్ల గతుకులు చేతులకి తెలియవు. షాపుకి తీసుకెళ్లక్కర్లేదు, పెడల్స్ మార్చడం మీవారితో కలిసి శనివారం సాయంత్రం పెట్టుకోండి, ఆయనకి మీ బైక్ కోసం ఒక పని దొరుకుతుంది. సాధారణంగా 15 సైజు స్పానర్ చాలు, కొన్ని పెడల్స్‌కి మాత్రం ఆలెన్ కీ కావాలి. కుడిది మామూలుగానే ఊడుతుంది, ఎడమ పెడల్ మర తిరగేసి ఉంటుంది కాబట్టి దాన్ని విప్పేటప్పుడు గడియారం ముల్లు తిరిగే వైపే తిప్పాలి.